మద్దెల బొమ్మ బంగారు పూత

నేను ఒక ఇత్తడి బొమ్మను. మూరెడు ఎత్తు. మెడలో మద్దెల వేసుకున్న ఆడమనిషిని. ఒక చెయ్యి మద్దెల మీద ఉంటుంది, ఒకటి గాలిలో. ఆ రెండో దెబ్బ ఇంతవరకూ వెయ్యలేదు.

మైనంతో చేసి, మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోశారు. చేసినవాడి పేరు నాకు తెలియదు. పైన బంగారు పూత వేయించింది ఒక జమీందారు. నేను ఇత్తడినని నలుగురికీ తెలియకూడదట. మనుషులకు అది మామూలే. ఆయన ఇల్లు చితికాక సామానుతో పాటు నన్నూ వేలం వేశారు. గుడివాడలో రంగుల కొట్టు నడిపే భీమేశ్వరరావు గారు పాడుకున్నారు.

ఆయనకు బొమ్మల పిచ్చి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. చుట్టాలొస్తే తలుపు తియ్యకుండానే వేలితో చూపించేవారు.

ఆయన భార్య హైమావతమ్మ. ఇత్తడి కనబడితే తోమకుండా ఉండలేదు. దసరాకు బొమ్మల కొలువు పెట్టే ముందు ఇంట్లోని ఇత్తడంతా పెరట్లో కుప్ప పోసి, చింతపండూ ఇటుక పొడీ పెట్టి తోమేది. ఒక ఏడు ఆయన బొమ్మల కోసం మద్రాసు వెళ్లారు. తాళంచెవి ఇంట్లోనే ఉంది. అప్పటికి నేను మసకబారి ఉన్నాను.

"ఏమే మద్దెల పిల్లా, నీకు నీళ్లు పోసి ఎన్నాళ్లయిందే?" అంటూ బయటికి తెచ్చింది.

నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆమె. మద్దెల తాళ్ల సందుల్లోకి కూడా వేళ్లు పోనిచ్చి తోమింది. పోతున్నది మురికే అనుకుంది. లోపలి ఇత్తడి తళతళలాడితే మురిసిపోయి కొలువులో పై మెట్టు మీద పెట్టింది. ఆయన వచ్చి మెచ్చుకుంటారని గుమ్మం వైపే చూసింది.

ఆయన వచ్చారు. ఇంటినిండా పేరంటాళ్లు.

"బంగారమంతా ఊడగొట్టావే! చెంబనుకున్నావా? నీ చేతులు పడిపోను!"

ఆమె చేతులు కొంగులో చుట్టుకుంది.

చిలకలపూడి నుంచి పూత పని చేసే కొండాచారి వచ్చాడు. నన్ను తిప్పి చూసి, "మా ఇంటిది ఇట్టా తోముంటే నేనెప్పుడో తెల్లబడేవోణ్ణండీ" అని తనే నవ్వుకున్నాడు. జిడ్డు తీసి, మళ్లీ బంగారం ఎక్కించి, నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టాడు.

"మరీ కొత్తగా ఉందయ్యా" అన్నారు రావు గారు.

అందుకని దీపం మసి మైనంలో కలిపి మడతల్లో పూశాడు. జుట్టుకు రంగు వేసుకునే పెద్దమనిషి నాకు మాత్రం వయసు వేయించారు.

"చూడవే, అచ్చం మునుపటిలా లేదూ?"

"బాగుందండీ." ఆమె గుమ్మం దాటి రాలేదు. మరుసటి ఏడు కొలువు పెట్టలేదు. ఆ పైన ఎప్పుడూ పెట్టలేదు.

కొన్నేళ్లకు ఆయనే తాళంచెవి చాపారు. "నువ్వే తుడువు, హైమా."

"ఎందుకులెండి. నావి చెంబులు తోమే చేతులు."

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఇంకోసారి అడిగితే తీసుకునేదేమో. అడగలేదు.

మొన్న వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. ఆనాటి తిట్టు గురించి ఎవరూ ఎత్తలేదు. బీరువా ముందు నిలబడి ఆయన నన్ను చూసిన చూపులో మాత్రం అది ఉంది.

ఈ దసరాకు నన్ను తీసుకెళ్లి ఆమె మంచం పక్కన బేసిన్‌లో పెట్టారు. కింద కూర్చుని చింతపండు పిసికారు.

"ఏం చేస్తున్నారండీ? బంగారం పోద్ది!"

"పోనీవే."

ఇటుక పొడి అద్ది రుద్దారు. కొండాచారి ఎక్కించిన బంగారం ఎర్రటి నీళ్లలో కలిసిపోయింది.

"అట్టా కాదు. తాళ్ల సందుల్లో వేళ్లు పెట్టాలి."

"ఇట్టాగా?"

"మీ మొహం! మీ వల్ల కాదుగానీ, కానివ్వండి."

కడిగి, తుడిచి, నన్ను ఆమె ఒళ్లో పెట్టారు. ఆమె కుడిచెయ్యి ఎత్తి నా మద్దెల మీద ఆనించారు. ఒకప్పుడు నన్ను ఒళ్లంతా తడిమిన చెయ్యి అది. కదలలేదు. గాలిలో ఉన్న నా చెయ్యీ కదలలేదు.

ఇప్పుడు ఆమె మంచానికి ఎదురుగా కిటికీలో ఉంటున్నాను. అద్దం లేదు, తాళం లేదు. నల్లబడినప్పుడల్లా ఆయన తోముతారు. ఆమె చెబుతూ ఉంటుంది. సందుల్లో మురికి మాత్రం అలాగే ఉండిపోతోంది.