చావడి గోడ మీద పదో పేరు

మా ఊరి చావడి గోడ మీద తొమ్మిది పేర్లుండేవి. పిడిగుద్దులాటలో మహావీరులనిపించుకున్న వాళ్లవి. తొమ్మిదిమందీ పోయినవాళ్లే. బతికున్నవాణ్ని మెచ్చుకునే అలవాటు మా ఊరికి లేదు. అడుగున ఇంకొక్క పేరుకు జాగా ఉంది. ఆ జాగా కోసమే 1968 హోళీకి దేవిదాస్ సెలవు పెట్టి వచ్చాడు.

అతను మిలటరీలో బాక్సింగు నేర్చుకుని, హైదరాబాదులో చాంపియన్ కప్పు గెలిచినవాడు. పేపర్లో ఫొటో కూడా పడింది. అయినా వాళ్ల నాన్న చెరకు నరికే కూలీ; పెద్దల చావడి మెట్లెక్కనివ్వక జీవితమంతా కిందే నిలబడ్డాడు. కొడుక్కి ఆ గోడ మీదే పేరు కావాలి.

బోధన్ అవతల మా ఊళ్లో హోళీ సాయంత్రం జనం రెండు జట్లవుతారు. మధ్యలో మోకు కడతారు. ఎడమచేత్తో మోకు పట్టుకుని కుడి పిడికిలితో ఎదుటివాణ్ని గుద్దాలి. పావుగంట అయ్యాక, కాల్చిన కాముడి బూడిద దెబ్బలకు రాసుకుని ఒకర్నొకరు కావలించుకుంటారు. వీరుడెవరో తేల్చేది ఇద్దరం: భీమన్న పటేలు, నేను. నేను చక్కెర ఫ్యాక్టరీలో చెరకు తూకం గుమాస్తాను. పుట్టి బుద్ధెరిగి ఒక్క గుద్దు తినలేదు. నా అర్హతల్లా చేతి గడియారం.

దేవిదాస్ మోకు పట్టుకున్నాడు. ఎదుటి పిడికిలి వచ్చేసరికి అతని తల అక్కడ ఉండేది కాదు. ఐదుగురు కింద కూర్చున్నారు. అంత అందమైన ఆట నేనెన్నడూ చూడలేదు. ఆ మాట పైకి అనలేదు, పటేలంటే భయం.

ఆట ముగిశాక భీమన్న అతని గడ్డం పట్టుకుని, అంగట్లో కోడెను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏడ వాసింది? గీత గూడ లేదు!"

"ఐదుగురిని పడగొట్టిన గద, పెద్దబాపు."

"కొట్టుడు ఎవడన్న కొడతడు. తినుడు సూడాలె. మా లింబయ్య తిన్నడు! నలభై గుద్దులు తిని మీసం దువ్విండు."

గోడ మీద మొదటి పేరు లింబయ్యది. పోయిన హోళీకి ఇదే భీమన్న ముప్ఫై అన్నాడు. లింబయ్య చచ్చిపోయి కూడా ఏడాదికి పది గుద్దులు తింటున్నాడు.

బూడిద పళ్లెం పట్టుకుని కూర్చున్న హన్మవ్వ లేచింది. ఆమె లింబయ్య భార్య.

"గా గుద్దుల సంగతి నన్నడుగుర్రి. మా ఆయన ఆఖరి ఆరేండ్లు బుక్క నోటికి పెట్టుకోలే. చేతులు వణికేటియి. నా పేరు గూడ మరిచిండు. నేను తినవెట్టిన. గీ పిలగాని మొఖం మంచిగున్నది. ఉండనీయుర్రి."

చావడిలోవాళ్లు తలలు దించుకున్నారు. అందరికీ సిగ్గేసిందనుకున్నాను. భీమన్న కండువాతో కళ్లొత్తుకున్నాడు.

"ఇన్నరా? ఆరేండ్లు చెయ్యి లేవలేదంటే ఎన్ని తిని ఉంటడు! లింబయ్యకు సాటి లేడు."

అందరూ ఔనన్నారు. నేనూ తలూపాను, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

దేవిదాస్ గోడ వంక చూశాడు. "సరే. వచ్చే హోళీకి తల తిప్పను. నిలబడి తింట. అప్పుడన్న రాస్తరా?"

హన్మవ్వ అతని చెంప ఛెళ్లుమనిపించింది.

"మా ఆయన గూడ గిట్లనే అన్నడురా!"

ఐదుగురి పిడికిళ్లు తప్పించుకున్నవాడు ఆ దెబ్బకు మాత్రం తల తిప్పలేదు. చెంప మీద బూడిద వేళ్లు నాలుగూ పడ్డాయి.

భీమన్న ముఖం వెలిగింది. నా చెవి దగ్గరకు వంగాడు.

"ఒక్కటి తిన్నడు గద. రాసెయ్యి."

కుంచె తీసుకుని పదో పేరు నేనే రాశాను. దేవిదాస్ వద్దనలేదు. దగ్గరికొచ్చి అక్షరాలు సరిచూసుకున్నాడు. హన్మవ్వ పళ్లెం అక్కడే వదిలేసి ఇంటికి వెళ్లిపోయింది.