పది చుక్కల వలయం

స్టెల్లా విజయవాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లోహాల మీద పరిశోధన చేస్తోంది. అల్యూమినియంలో ఇంకో రెండు లోహాలు కలిపి కరిగించి, గిర్రున తిరిగే రాగి చక్రం మీద సన్నటి ధారగా వదులుతుంది. ఆ ద్రవం చక్రాన్ని తాకుతూనే గడ్డకట్టి, వెండి రిబ్బనులా గాల్లోకి ఎగురుతుంది. పరమాణువులకు తీరిగ్గా సర్దుకుని కూర్చునే వ్యవధి ఉండదు.

ఆ రోజు రిబ్బను ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టింది. చీకటి తెర మీద పరమాణువుల అమరికను చూపే వెలుగు చుక్కలు తేలాయి. మామూలుగా మధ్యబిందువు చుట్టూ నాలుగో ఆరో ఉంటాయి. ఇవి పది. వాటి వెనక ఇంకో పది, ఆ వెనక మసకమసగ్గా మరికొన్ని. స్టెల్లా మొదటి వలయాన్ని మళ్ళీ లెక్కపెట్టింది.

గైడు వెంకటసుబ్బారావు గారు వచ్చి కళ్ళజోడు సవరించుకుని చూశారు.

“బ్రహ్మాండంగా ఉందమ్మా. కానీ తొందరపడకు. మామూలు స్ఫటికాలు కొన్ని పక్కపక్కన అతుక్కున్నా ఇలాగే కనబడుద్ది.”

“వేరే లోహాల్లో ఇలా తీరు తప్పకుండానే ఎక్కడా మళ్ళీ రాని అమరిక నిజంగానే దొరికింది కదా సార్, ఎప్పుడో?”

“దొరికింది. ఈ మిశ్రమంలో ఎవరికీ దొరకలేదు. అందుకే అంటున్నా.”

సాయంత్రం బస్సులో కిటికీకి తల ఆనించింది. కంకిపాడు దాటాక అన్నీ పొలాలే. మిషనుతో నాటిన వరి, వరస వెనక వరస. మామూలు లోహంలో పరమాణువులూ ఇంతే, ఒక మడి చూస్తే ఊరంతా చూసినట్టే. కునుకు పట్టింది. కలలో చేలు మెల్లగా కదిలాయి. కుదుళ్ళు ఐదేసి రేకుల పువ్వులై విచ్చుకుని నీళ్ళ మీద పరుచుకుంటూ పోయాయి. ఎంత దూరం నడిచినా ఒక మడి ఇంకో మడిలా లేదు. అయినా ఎక్కడా తీరు తప్పలేదు. ఉయ్యూరులో కండక్టరు పిలిస్తే గానీ మెలకువ రాలేదు.

మర్నాడు సార్ పక్కనే కూర్చున్నారు. స్టెల్లా ఎలక్ట్రాన్ కిరణాన్ని ఇరుకు చేసింది. అతుకులే అయితే కిరణం ఒక్క స్ఫటికం మీదే పడి కొన్ని చుక్కలు రాలిపోవాలి. రాలలేదు. ఇంకా ఇరుకు చేసింది. ముక్కను జరిపి మరోచోట చూసింది. పదీ అలాగే ఉన్నాయి.

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత పసిపిల్లాడిలా అడిగారు.

“ఇంకోసారి చూపించమ్మా.”

భోజనం సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

ఎండ దిగాక స్టెల్లా బయటికి వచ్చి వాళ్ళమ్మ తెరేసమ్మకు ఫోన్ చేసింది.

“అమ్మా, దొరికిందమ్మా!”

“ఏం పోగొట్టుకున్నావే తల్లీ?” అంది తెరేసమ్మ కంగారుగా.

స్టెల్లాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చున్నీతో కళ్ళు తుడుచుకుంది.