నీళ్ళడగని డిసెంబరాలు

ట్యాంకరు వెనక కుళాయికి పైపు బిగిస్తూ క్రీస్తురాజు గోడవారనున్న డిసెంబరం పొదకేసి చూశాడు. గరుకు ఆకుల మధ్యనుంచి ఊదా మొగ్గలు తోసుకొచ్చాయి. ఒకటి అప్పుడే విచ్చుకుంది! గుండె ఇంజనుకన్నా గట్టిగా కొట్టుకుంది.

వాకాడు పక్క ఉప్పునీటి పల్లెలకు మంచినీళ్ళు తోలి జుట్టు నెరిసిన మనిషి. ఎండిన చోటు కనబడితే తడపకుండా ఆ చెయ్యి ఊరుకోదు. ఆ ప్రేమకే అంతకుముందు రెండు మొక్కలు వేరు కుళ్ళి చచ్చాయి. పక్కింటి వెంకటశేషమ్మ, ఒకప్పుడు పూలు కట్టి బతికిన ముసలమ్మ, మూడో కొమ్మ విరిచిస్తూ పందెం కాసింది: నీ చేతిలో ఇది పూస్తే మాల నేనే కట్టి ఇస్తానని. ఆమె పూలు ముట్టి ఏళ్ళయింది. అందుకే వానలు మొహం చాటేసిన ఈ ఏడు, ఆకులు చెవులు వేలాడేసినా, క్రీస్తురాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు మాత్రం పైపు దానంతటదే పొదవైపు తిరిగింది.

"పొయ్యబాకరా!" గోడమీద శేషమ్మ తల లేచింది.

"పొయ్యలేదవ్వా, ఊరికే చూపిస్తా ఉండా."

"చూపించేదేంది, పెళ్ళిచూపులా? పూసిందా?"

"పూసిందవ్వా!"

"అబద్ధమాడితే మీ ఏసయ్య చూస్తా ఉంటాడు."

"ఆయన చూసినాకే నీకు చెప్తా ఉండా."

ఆమె గోడమీదుగా వంగి రేకును వేలితో తాకింది. "సాయంత్రం కోసుకురా. నీ పెళ్ళాం ఎలిశబెతుకి జానెడు మాల కడతా."

"మరి నీకు?"

"నా తలలో ఉండేది నాలుగెంటికలు. పువ్వు బరువుకి అవీ ఊడొస్తాయి, పో!"

ఆ రోజు అతని నోట పల్లెపల్లెకూ పువ్వు పెరిగింది. మొదటి పల్లెలో అరచేతంత, రెండోదాంట్లో పళ్ళెమంత. సముద్రపు ఒడ్డుకు చేరేసరికి సొరకాయంత. తుమ్మెదలు బిందెలు పట్టుకుని తన ఇంటిముందు వరసలో నిలబడ్డాయని, వాటిమధ్య కొట్లాట తీర్చేసరికి ఆలస్యమయిందని చెప్పాడు.

"నీ ట్యాంకరులో సగం గాలే అనుకున్యాం. మాటల్లో ముప్పాతిక గాలే అన్నా!" అంది నీళ్ళ వరసలోని ఫ్లోరా బిందె ఎత్తుకుంటూ. అందరికన్నా గట్టిగా క్రీస్తురాజే నవ్వాడు.

పొద్దువాలుతుండగా ఇంటిముందు బండి ఆగీ ఆగకముందే దూకాడు. పొద్దుటి మొగ్గలన్నీ విచ్చి, పొద ఆకు కనబడకుండా పూసి ఉంది. కండువా నిండా కోసి మూటగట్టి, "అవ్వా, ఓడిపోయినావు!" అని కేకేస్తూ పక్కింటికి పరుగెత్తాడు.

గుమ్మం ముందు చాలా జతల చెప్పులున్నాయి.

ఎలిశబెతు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "అన్నం తిని పడుకునింది. మళ్ళీ లెయ్యలా," అంది మెల్లగా.

క్రీస్తురాజు లోపలికి వెళ్ళి, మూట ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు.

ఆమె తలాపున, కిటికీ గట్టుమీది చెంబులో, జానెడు మాలకు సరిపడా అరటినార నానుతూ ఉంది.