అక్కను తనిఖీ చేసిన రోజు

పేటలోని స్వచ్ఛంద క్యాడెట్ల దళానికి చిన్నదాన్ని లీడర్‌ని చేశారు. తనకంటే రెండేళ్లు ముందు చేరిన అక్క మాత్రం అదే వరుసలో మూడో మనిషిగా మిగిలిపోయింది. నిన్నటి నుంచి ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు.

ఇవాళ మొదటి తనిఖీ. హాల్లో తొమ్మిది మంది బిగుసుకుని నిలబడ్డారు. ఇద్దరిని దాటి అక్క ఎదుటికి రాగానే చిన్నదాని కాళ్లు ఆగిపోయాయి. అక్క బూట్లకు మొన్నటి బురద అలాగే ఉంది. ఏమైనా అంటే ఇంట్లో రచ్చ, అనకపోతే ఇక తన మాట ఎవరూ లెక్కచెయ్యరు.

“అక్కా... కాదు, క్యాడెట్,” అంది. ఎవరో కిసుక్కుమన్నారు. “బూట్లు తుడుచుకుని రావాలి. వచ్చే వారం ఇలా ఉంటే ఒప్పుకోను.”

అక్క రెప్ప వెయ్యలేదు. “అలాగే, లీడర్!” అని హాలు మారుమోగేలా అరిచింది.

అది గౌరవమో ఎత్తిపొడుపో తేలక, చిన్నది నాలుగో మనిషి దగ్గరికి నడిచింది.

తిరుగు బస్సులో అక్క పక్క సీటు మీద సంచి పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి తనే తీసింది.

“కూర్చో. నీ గొంతు వణికింది, తెలుసా?”

“తెలుసు.”

“వచ్చే వారం వణకనివ్వకు.”