వాడుక దొరకని మాట

నిఘంటువు ఆఫీసులో అందరూ ఆయన్ని గంభీరం అనేవారు. పాపం, ఆయనకు నవ్వడం రాక కాదు, కలిసి నవ్వే మనిషి లేక. భార్య పోయాక ఇంట్లో ఆయనకు మిగిలింది టీచరుగా రిటైరైన సొంత అక్క ఒక్కతే.

ఆ ఆఫీసులో ఒక పట్టింపు ఉండేది. మాటకిచ్చే ఉదాహరణ, రాసేవాడి ఇంట్లో నిజంగా జరిగిందై ఉండాలి. ఈసారి గంభీరం వంతుకు 'హుడ్‌వింక్' అనే ఇంగ్లీషు మాట వచ్చింది. అర్థం రాశాడు: మభ్యపెట్టడం, కళ్ళుగప్పడం. పుట్టుక రాశాడు: ఒకప్పుడు ముసుగు కిందికి లాగి నిజంగానే కళ్ళు మూసేవారట. మోసాన్ని ఇంగ్లీషువాడూ మనలాగే కళ్ళ దగ్గర మొదలుపెట్టాడని తెగ మురిసిపోయాడు కూడా. వాడుకకు ఉదాహరణ దగ్గరికొచ్చేసరికి కలం మొరాయించింది. మిగతావాళ్ళకేం, చిల్లర నొక్కేసే పిల్లలున్నారు, చెప్పుల ధర తగ్గించి చెప్పే భార్యలున్నారు. ఈయన్ని మోసం చేయడానికైనా ఓ మనిషుండొద్దూ?

ప్రూఫులు దిద్దిపెట్టేది అక్కే. ఒకప్పుడు ఎర్రసిరాతో పేజీని చీల్చి చెండాడేది. ఈమధ్య ఒక్క తప్పూ పట్టడం లేదు. తన పని అంత బాగుపడిందని గంభీరం లోలోపల మీసం మెలేశాడు.

ఆ సాయంత్రం హడావిడిలో ప్రూఫు బల్లమీదే వదిలేసి, తెల్లకాగితం ఆమె చేతిలో పెట్టాడు. పొరపాటు తెలిసి వెనక్కి వచ్చేసరికి ఆమె కాగితం మీద వేలు ఆనించి వరస వరసా దిగుతోంది.

"ఒక్క తప్పూ లేదురా," అంది అక్క.

గంభీరానికి అప్పుడర్థమైంది. అక్కకు కనిపించడం లేదు. ఎందుకు దాచిందో అడగక్కర్లేదు. చూపు తగ్గితే తనింటికి తీసుకుపోతానని చెల్లెలు ఎప్పుడో తేల్చి చెప్పింది. అక్క వెళ్ళిపోతే ఈ ఇంట్లో చప్పుడు చేసేది కుక్కరొక్కటే. ఆ ఊహకే ఆయనకు భయం వేసింది.

అంతలో చెల్లెలి ఫోను.

"అన్నయ్యా, అక్క కళ్ళెలా ఉన్నాయి?"

కాగితం మీద అక్క వేలు ఆగిపోయింది.

"అక్కకేం, నిక్షేపంగా ఉంది. ప్రూఫులు దిద్దుతోంది," అన్నాడు గంభీరం.

ఫోను పెట్టేసి, ఆ తెల్లకాగితాన్ని ఆమె వేలి కింద నుంచి మెల్లగా తీసేశాడు.

"ఎప్పుడు తెలిసిందిరా నీకు?" అంది అక్క.

"ఇప్పుడే."

"మరి దానికి చెప్పలేదేం?"

"నువ్వెళ్ళిపోతావని."

అక్క తమ్ముడి తల నిమరబోయి చెయ్యి చాపింది. అది ఆయన ఉన్నచోటికి కాకుండా కాస్త పక్కకు వెళ్ళింది. గంభీరం చప్పుడు కాకుండా అక్కడికి జరిగి, తల వంచాడు.