వరహాలమ్మ ఎక్కిన బోను

నేను ఒక సాక్షి బోనుని. హడలిపోకండి, అసలు కోర్టులోదాన్ని కాదు, టీవీ సీరియల్లోదాన్ని. వడ్రంగి మౌనేశ్వరాచారి నన్ను ప్లైవుడ్డుతో చేసి, టేకు రంగు కొట్టి, "గట్టిగా ఆనుకోకండయ్యా, ఊడొస్తుంది" అని చెప్పి మరీ వెళ్లాడు. 'కోర్టు వీధి ప్లీడరు' అనే ఆ సీరియల్లో చిన్న ఊరి ప్లీడరు పట్టాభి ప్రతి కేసూ గెలుస్తాడు. ఆ వేషం వేసే శేషగిరి గారు మాత్రం కేబుల్ వాడితో కూడా వాదించి నెగ్గలేరట. నాలో నిలబడి "అంతా నిజమే చెబుతాను" అన్నవాళ్లలో ఒక్కరైనా నిజం చెప్పిన పాపాన పోలేదు. వాళ్లనేం అంటాం, అది వాళ్ల కూడు.

అన్నింట్లోకీ మంచి ఎపిసోడ్ ఏదంటే విమలాబాయి గారిదే. ఇస్త్రీ బండి ముసలమ్మ వేషం, రెండు పేజీల డైలాగు. కెమెరా తిరగ్గానే ఆవిడకి ఒక్క ముక్క గుర్తు రాలేదు. నా అంచు పట్టుకుని నీళ్లు నమిలి, నమిలి, చివరికి "చూశాను బాబూ" అన్నారు. డైరెక్టర్ ప్రభంజన్ కట్ చెప్పడం మరిచిపోయాడు. చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు.

ఇక మా యూనిట్లో ఆడవాళ్లకి జడలు, సవరాలు అమర్చే వరహాలమ్మ సంగతి. ఆమె ఉండే వీధిలో పాత ఇల్లు కూలుస్తుంటే గోడ మీద పడి మల్కయ్య అనే కూలీ చనిపోయాడు. తాగి పడ్డాడన్నాడు కాంట్రాక్టరు జగ్గారావు. డాబా మీద బట్టలారేస్తున్న వరహాలమ్మ అసలు జరిగింది చూసింది. "గోడ బీటలిచ్చింది సారూ, నేనెక్కను" అని మల్కయ్య మొత్తుకుంటే, జగ్గారావు కర్ర పట్టుకుని తరిమి ఎక్కించాడు. చూసింది ఆమె ఒక్కతే, కేసులో సాక్షిగా ఆమె పేరే రాశారు. ఆమె నోరు విప్పకపోతే మల్కయ్య తాగుబోతుగానే మిగిలిపోతాడు, అతని పెళ్లాం అంజవ్వకి న్యాయం జరగదు. విప్పితే? జగ్గారావు మనుషులు అప్పటికే ఆమె గుమ్మానికెదురుగా బైకు ఆపుకుని కూర్చుంటున్నారు.

అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు ఆమె వచ్చి నాలో నిలబడేది. నోరు తెరిచేది, మాట వచ్చేది కాదు. ఆమె వణుకుకి నా మేకులు కదిలేవి. ఒకరోజు శేషగిరి గారు చూశారు. "భయపడకమ్మా, నేనున్నానుగా!" అని పాఠం మొదలెట్టారు. ఇక్కడ ఆగాలి, ఇక్కడ కన్నీరు, ఇక్కడ చెయ్యెత్తి "ఆ తల్లి ఉసురు తగలదా!" అనాలి. పాపం, ఆమె బుద్ధిగా నేర్చుకుంది. అమ్మో, నాకు దడ పుట్టింది! అబద్ధం ఎలా ఉంటుందో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? నిక్షేపంలాంటి నిజాన్ని తీసుకొచ్చి అచ్చం అలాగే తయారు చేశాడు మహానుభావుడు.

పెరుగన్నం తింటున్న విమలాబాయి గారు గిన్నె పక్కన పెట్టారు. "ఒసేయ్ వరహాలూ, నటించడానికి నేనున్నానే. నీకు వణుకొస్తే వణుకు. నత్తి వస్తే నత్తిగానే చెప్పు."

వరహాలమ్మ వాయిదాకి వెళ్లొచ్చి, మర్నాడు విమలాబాయి గారి జుట్టు దువ్వుతూ చెప్పింది. సర్కారు వకీలు అడిగినదానికి వణుకుతూనే జవాబిచ్చిందట. అవతలి వకీలు లేచి, "సీరియల్లో పనిచేస్తావుగా, ఈ డైలాగు ఎవరు రాసిచ్చారు?" అన్నాడట. "డైలాగయితే ఇంత తడబడతానా బాబూ?" అందట ఈమె. ఆపైన టైమైపోయి, మిగతా ప్రశ్నలు మూడు వారాల తర్వాతి సోమవారానికి వాయిదా వేశారు.

ఆ మాటలు ప్రభంజన్ చెవిన పడ్డాయి. "అబ్బ, ఏం కథ దొరికింది!" అని గంతేశాడు. రేటింగు పడిపోయి ఉంది మరి. కూలీ చావు, కాంట్రాక్టరు, సాక్షి, అన్నీ మక్కీకి మక్కీ దించి, చివర్లో సాక్షి నోరు తెరవగానే నల్లకోటులో వచ్చిన రౌడీ కాల్చి చంపేసినట్టు రాయించాడు. ఆ సాక్షి వేషం వేసే అమ్మాయికి జడ వెయ్యమని వరహాలమ్మకే చెప్పారు.

ఆమె దువ్వెన కింద పెట్టేసింది. "చంపకండి బాబూ. మీకు దండం పెడతాను. మా వీధిలో ఆళ్లు కూడా ఈ సీరియల్ చూస్తారు."

"కథేనమ్మా," అని నవ్వేశాడు.

ఆ చావు సీను అలాగే షూట్ చేశారు. ఎర్రరంగు నా చెక్కల మీంచి కారింది. యాక్షన్ అనగానే నేను విరిగి పడిపోతే బాగుండునని ఎంత కోరుకున్నానో! ఆ ఒక్కరోజే మౌనేశ్వరాచారి మేకులు గట్టిగా నిలబడ్డాయి. మా సీరియల్లో అంత పాడు ఎపిసోడ్ ఇంకోటి లేదు. రేటింగు మాత్రం లేచింది.

ఆ ఎపిసోడ్ టీవీలో వచ్చిన మర్నాడు పొద్దున పాలప్యాకెట్‌కి వెళ్లిన వరహాలమ్మని చూసి, బైకు మీదవాడు ఒక కన్ను మూసి, రెండు వేళ్లు చాపి, 'ఠప్' అన్నాడట. సీరియల్లో రౌడీ చేసినట్టే.

"ఎలా చెయ్యాలో మనమే చూపించామమ్మా," అంది విమలాబాయి గారితో.

"సోమవారం వెళ్తావటే?"

"భయమేస్తోంది. కానీ అంజవ్వ కోర్టు మెట్ల మీద కూకుని నా కోసం సూస్తాది. ఎళ్లకపోతే ఎలాగమ్మా?"

ఈరోజు సోమవారం. సెట్టులో జడలు వెయ్యడానికి ఎవరో కొత్త పిల్ల వచ్చింది. బయట బైకు చప్పుడైనప్పుడల్లా విమలాబాయి గారు ఉలిక్కిపడి డైలాగు తప్పుతున్నారు, ప్రభంజన్ విసుక్కుంటున్నాడు. నాకు కాళ్లుంటే ఎప్పుడో పరిగెత్తేదాన్ని. ఓ అసలు కోర్టు బోనన్నా, పొద్దెక్కిపోయింది, ఆమె నీ దాకా వచ్చిందా?