పంపింగ్ యాభై రెండు

"మిర్చి ఘాటే అది. ఇంత మజ్జిగ తాగి, కూలోళ్లకు అన్నం పంపు" అన్నడు వెంకటరామారావు, కల్లంలో బస్తా మూతి కుడుతూ, తలెత్తకుండానే.

నలభై రోజుల కిందటి మాట. నాగలతకు ఛాతీ మండుతోంది, ఎడమ చెయ్యి గుంజుతోంది. చర్ల చుట్టుపక్కల మిర్చి ఆరబోసిన ఏ కల్లంలోనైనా ఛాతీ మండేదే గనుక మొగుడి మాట ఆమె నమ్మింది. నమ్మి, ఇరవై మంది అన్నం గిన్నె ఎత్తింది కూడా. కోతకొచ్చిన సక్రి ఒక్కతే ఆమె మొహం చూసి బుట్ట కింద పడేసింది. "ఘాటైతే దగ్గు రావాలె గదా లతమ్మా, గిన్ని చెమటలేంది?" అని, ఎవర్నీ అడక్కుండా ఆటో ఎక్కించి భద్రాచలం దవాఖానాకు తీస్కపోయింది. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డం పడ్డదన్నరు. కరిగించే ఇంజెక్షన్ ఇచ్చిండ్రు. మజ్జిగ తాగుతూ ఇంకాసేపు కూర్చుంటే ఇంజెక్షన్‌తో పనే ఉండకపోయేదన్నరు.

గుండె పంపింగ్ ముప్ఫై ఐదు శాతమే అని కాగితం మీద రాసిచ్చిండ్రు. ఇరవై రెండేళ్ల కాపురంలో నాగలత కన్నీళ్లు చెయ్యలేని పని ఆ అంకె చేసింది. "గుండె మనిషి, పడుకోనీ" అని అత్త పొయ్యి దగ్గరికి పోయింది. తన కంచం తను కడుక్కోవడం మొగుడికి వచ్చని నాగలతకు అప్పుడే తెలిసింది. వేడన్నం రుచి కూడా అప్పుడే తెలిసింది.

అందుకే ఈ పొద్దు ఖమ్మం దవాఖానాలో, గుండెకు ఎకో స్కానింగ్ తీసే బల్ల మీద పక్కకు ఒరిగి, చల్లటి జెల్ ఛాతీకి తగులుతుంటే, ఆమె ఒక సిగ్గులేని మొక్కు మొక్కింది. దేవుడా, అంకె పెరగనియ్యకు. పెరిగిందా, రేపు ఆఖరి కోత, మళ్లీ ఇరవై మంది వంట. బతకాలంటే గుండె బాగుండాలి, కూర్చుని తినాలంటే పాడై ఉండాలి. ఇదేం లెక్కే తల్లీ అని తనకే నవ్వొచ్చింది.

డాక్టర్ ఫరహా తెర ఇటు తిప్పింది. "చూడమ్మా, నీ గుండె. ఆ రోజు ఈ గోడ కదలనే లేదు. టైముకు ఇంజెక్షన్ పడ్డది కాబట్టి కోలుకుంది. పంపింగ్ యాభై రెండు!"

పిడికెడు కండ. తెరుచుకుంటూ, మూసుకుంటూ, చీకట్లో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు. నలభై నాలుగేళ్లుగా ఒక్క పూట సెలవడగని ఆ పనిమనిషిని మొదటిసారి చూసింది నాగలత. పాడైపొమ్మని దీన్నా మొక్కింది! చెంపలేసుకుంది. ఆ వెంటే లోపల్నుంచి పొంగుకొచ్చిన సంతోషానికి కళ్లు నిండినయ్.

"బాగైందన్నమాట!" బల్ల పక్కనే నిలబడ్డ వెంకటరామారావు మొహం వెలిగింది. "అయితే రేపు కూలోళ్లకు..."

"రేపటికి వంటమనిషిని మాట్లాడండి" అంది నాగలత.

"అదేందే? గుండె బాగైందంటున్నారుగా?"

"బాగైంది గనకనే చెప్తున్న. పాడై ఉంటే చెప్పకుండానే పడుకునేదాన్ని."

డాక్టర్ నవ్వాపుకుంటూ కాగితం మీదికి వంగింది.

బయటికి రాగానే నాగలత ఫోన్ తీసింది. "సక్రీ, యాభై రెండే!"

"ఏంది, బస్తాలా?"

"నా గుండె పంపింగ్, పిల్లా! నువ్వు ఆటో ఎక్కించిన గుండె. రేపు పొద్దుగాల వస్తున్న. మీ బంతిలో నీ పక్కన నాకూ ఒక విస్తరెయ్యి."